చామనచాయ ఎంత నలుపు?

మనిషి ఆనవాళ్ళు చెప్పుమన్నప్పుడు ఎత్తును అడుగులలో, అంగుళములలో చెప్పవచ్చును, వయస్సును ఏండ్లలో చెప్పవచ్చును, గాటు గాని పుట్టుమచ్చ గాని ఉన్నచో వ్రేలు పెట్టి చూపవచ్చును. మేనిచాయ దగ్గరకు వచ్చుసరికి మాత్రము చెప్పువాడు తన కన్నుతో చెప్పును, వినువాడు తన ఊహతో వినును, ఆ రెంటికిని పొత్తు కుదురుట అరుదు. పాత అల్వాల్‌లో ఎవనిని గూర్చియైన విచారింపగా "గాయినెనా? ఎర్రగుంటడు, బక్కగుంటడు" అని బదులు వచ్చినచో, ఆ మనిషి మందారపువ్వువలె ఎఱ్ఱనివాడు కాడనియు, ఇరుగుపొరుగు వారికంటె ఇంచుక తేటయైన చాయ గలవాడనియు అచటివారికి వేఱుగ బోధింప నక్కఱలేదు. అదే మాటను దండులో దొరగారి ఎదుట కూర్చున్న మున్షీ కాగితముపై పెట్టవలసి వచ్చినచో ఏ మాట వ్రాసియుండునో ఆలోచించినప్పుడు, ఈ చిన్న విషయము మనలను చాల దూరము తీసికొనిపోవును.

సికింద్రాబాదునుండి ఉత్తరముగ సాగు బాటలో తిరుమలగిరి, లాల్‌బజారు, లోతుకుంట దాటిన పిమ్మట అల్వాల్, దానిని దాటిన బొల్లారము, అచటినుండి రైలుదారి మేడ్చల్ వైపునకును, రాదారి హకీంపేట మీదుగ శామీర్‌పేట వైపునకును పోవును. నిజాం అలీఖాన్ 1798లో ఈస్టిండియా కంపెనీతో చేసికొన్న సంధి ఫలితముగ ఇంగ్లీషు సైన్యము ఇచట స్థిరముగ విడిసెను; 1806లో ఆ విడిదికి సికందర్ జా పేర సికింద్రాబాదను నామము కలిగెను; రెసిడెంటు హెన్రీ రసెల్ 1813లో కూర్చిన దళము క్రమముగ హైదరాబాదు కంటింజెంటుగ మాఱి, బొల్లారమును తన ముఖ్యస్థానములలో ఒకటిగ చేసికొని, 1903లో భారత సైన్యమున కలిసిపోవు వఱకును ఈ పల్లెల నడుమనే కాపురముండెను. అల్వాల్ ప్రక్కనున్న రైలు నిలయమునకు నేటికిని కావల్రీ బ్యారక్స్ అనియే పేరు. ఈ విధముగ మెట్టచేలు దున్నుకొను తెలుగు కాపులు, దక్కనీ ఉర్దూ మాటలాడు తురుపు సవారులు, మద్రాసు పటాలముల వెంట వచ్చి నిలిచిపోయిన అరవవారు, ఆంగ్లేయులు ఒకే సంతలో బేరమాడవలసి వచ్చినప్పుడు, ఎదుటివాని ఒంటిరంగునకు ఎవరి మాట వారికుండెను. తెలుగువారికి ఎఱుపు, పసిమి, చామనచాయ, నలుపు. దక్కనీవారికి గోరా, గందుమీ, సాఁవలా, కాలా. అరవవారికి సివప్పు, మానిఱం, కఱుప్పు. దొరలకు ఫేర్, డార్క్. ఈ వరుసలను ప్రక్కప్రక్కన నిలిపినచో మెట్టుకు మెట్టు సరిపోవు ననుకొనుట పొరపాటు. తెలుగువాడును అరవవాడును తేటయైన మేనిని ఎఱుపే యందురు గాని తెలుపు అని సాధారణముగ అనరు. తెలుపన్నచో మనకు మొదట తోచునది రక్తము తగ్గి పాలిపోయిన రోగి మొగము, లేదా దొర. దొరవారి 'ఫేర్' వేఱు, మన ఎఱుపు వేఱు, దక్కనీవాని గోరా ఈ రెంటికిని నడుమ ఎచటనో నిలుచును. పైగా దండు ప్రాంతములలో గోరా యనగ ఒంటిరంగు కాదు, ఇంగ్లండునుండి వచ్చిన సిపాయి. ఎండకు కమిలి ఇటుకరంగు తేలినను వాడు గోరాయే.

ఎఱుపును శ్రేష్ఠమైన చాయగ చెప్పుట తెలుగువాని మొరటుదనమని ఎవరైన తలచినచో వారు భరతముని నాట్యశాస్త్రమును తెఱచి చూడవలెను. ఆహార్యాభినయ ప్రకరణమున నటుల మేనికి పూయవలసిన రంగులను చెప్పుచు, తెలుపు, నీలము, పసుపు, ఎఱుపు అను నాలుగింటిని మూలవర్ణములుగ నిలిపి, ఎఱుపును పసుపును కలిపినప్పుడు వచ్చునది గౌరవర్ణమని ఆయన నిర్వచించెను. కాబట్టి సంస్కృతమున గౌరమనునది సున్నపు తెలుపు కాదు. మన ఎఱుపును మన పసిమియు కలిసినదే అది. అదే ప్రకరణమున ఏ దేశమువారికి ఏ రంగు పూయవలెనో చెప్పుచు, శకులను, యవనులను, పహ్లవులను, బాహ్లికులను గౌరులుగను, పాంచాల శూరసేన మాగధులను, అంగ వంగ కళింగులను శ్యాములుగను చూపి, కిరాత బర్బరులతోడను, ద్రమిళులతోడను, కాశీ కోసలులతోడను కలిపి ఆంధ్రులను నల్లనివారిలో చేర్చెను. ఆంధ్రులమైన మనకు ఇది వినుటకు ఇంపో కాదో యెఱుగను గాని, గమనింపదగిన విశేషము వేఱొకటి కలదు: అక్కడ ఆంధ్రుని సరసన నిలిచినవాడు కాశీ పండితుడు. అదియును గాక భరతుడు 'ప్రాయికముగ' అను మాట చేర్చి, అందఱును అట్టివారే యని కట్టడి చేయలేదు. రంగస్థలమునకు ఒక గుర్తు కావలెను. దూరమున కూర్చున్న ప్రేక్షకునికి పాత్ర ఏ దేశమువాడో తెలియవలెను. ఆయన మాటలకు అంతకు మించిన ప్రయోజనము లేదు.

ఐనను రంగును గుర్తుగ గాక లక్షణముగ చదువు అలవాటును మనవారిలో పాతదియే. పతంజలి మహాభాష్యమున బ్రాహ్మణుని లక్షణములు చెప్పుచు గౌరవర్ణమును, పింగళ నేత్రములను, కపిలకేశములను పేర్కొని, మినుములరాశివలె నల్లనై అంగడిలో కూర్చున్నవానిని చూచి బ్రాహ్మణుడని ఎవడును నిశ్చయింపడనెను. దానికి బదులువలె నుండు వాదము భారతము శాంతిపర్వమున నున్నది. బ్రాహ్మణులకు తెలుపు, క్షత్రియులకు ఎఱుపు, వైశ్యులకు పసుపు, శూద్రులకు నలుపు అని భృగువు చెప్పగా, రంగును బట్టియే వర్ణభేదమైనచో అన్ని వర్ణములలోను అన్ని రంగులును కనబడుచున్నవే, కామక్రోధ భయ శోకములును, చెమటయు అందఱికిని సమానమే, ఇక విభాగమెట్లు కుదురునని భరద్వాజుడు అడ్డుతగిలెను. అప్పుడు భృగువు వర్ణములకు మొదట భేదమే లేదనియు, కర్మమువలన అది యేర్పడెననియు ఒప్పుకొనవలసివచ్చెను. ఆ ప్రశ్న వేసినవాని కన్నులు లోకమును చూచిన కన్నులని నా నమ్మకము.

శాస్త్రముల మాట అట్లుండగా, ఊరిజనమునకు నలుపు పేరు పెట్టుకొనదగినదియే యైనది. నల్లయ్య, నల్లమ్మ, ఎఱ్ఱయ్య, ఎఱ్ఱమ్మ, తెల్లయ్య తెలంగాణమున ఏ పల్లెలో చూచినను కనబడుదురు. భారతమును పూర్తిచేసిన కవిత్రయములోని మూడవ మహాకవి పేరు ఎఱ్ఱన. ఊరి పొలిమేరలో నల్లపోచమ్మకు బోనమెత్తు తల్లి, ఇంటికి వచ్చి కూతురు ఎండలో ఆడి నల్లబడెనని కోపించి నలుగు పెట్టును. ఆమెకు ఈ రెంటిలో విరోధము తోచదు. నల్లనివానిని ఓదార్చుచు 'నలుపు నారాయణుడు మెచ్చు' నను సామెత పుట్టినది గదా. అయితే ఓదార్పు అవసరమైనదనిన నలుపును లోకము మెచ్చుట లేదనియే అర్థమగుచున్నది. కృష్ణుని నలుపు వేఱు, పెండ్లికూతురి నలుపు వేఱు అని మనవారు చెప్పకయే పాటించుచున్నారు.

చిత్రకారులు ఈ విషయమున మాటకారులకంటె నిజాయితీపరులు. హైదరాబాదు సంస్థానములోనిదైన అజంతాలో, గులాం యజ్దానీ పురావస్తుశాఖను నడిపిన కాలమున కాపాడబడి గ్రంథస్థమైన ఆ గోడలపై, ఒకే అంతఃపురమున బంగారు మేనివారు, ఇటుక మేనివారు, కారునలుపువారు కలిసి కూర్చుందురు. నల్లని రాజపుత్రిక పరిచారిక కాదు, రాజపుత్రికయే. చేర్యాల నకాషీల పటములలో మాత్రము రంగు మరల భరతుని మార్గము పట్టినది: ఎఱ్ఱని నేలపై దేవతలకు నీలమును పసుపును, రాక్షసులకు ముదురు రంగులు, మనుష్యులకు మేనివన్నె. కథ చెప్పువాడు కోలతో చూపగనే ఎవరెవరో జనమునకు తెలియవలెను గాన అది తప్పని ఏర్పాటు.

ఇక కాగితముపై మేనిచాయ వ్రాయుట మన సీమలో దొరలతో మొదలైనదని చాలమంది తలంతురు. అది సరికాదు. మొగలాయి సైన్యములో ప్రతి సవారుకును 'చెహ్రా' అను ఆనవాలు పత్రముండెడిది. గుఱ్ఱమునకు దాగు, అనగ వాత. హాజరునకు మంచి సిపాయిని చూపి జీతము తీసికొని, తరువాత వాని స్థానమున ఏ గుఱ్ఱపువాడినో, వంటవాడినో నిలుపు సర్దారుల మోసమును అరికట్టుటకు అక్బరు పాదుషా కట్టుదిట్టము చేసిన ఏర్పాటిది. షాజహాను, ఔరంగజేబుల కాలపు దక్కను సుబాలకు సంబంధించిన ఇట్టి హాజరుపత్రములు, 'అర్జ్-ఓ-చెహ్రా' అను పేర, లక్షకు మించిన మొగలాయి కాగితముల నడుమ, అల్వాల్‌నకు దక్షిణమున కొలది మైళ్ళ దూరములో తార్నాకలోని రాష్ట్ర ప్రాచీన పత్రభాండాగారమున నేటికిని భద్రముగ నున్నవి. వానిలో సవారు పేరు, తండ్రి పేరు, తెగ, పుట్టినచోటు వ్రాసిన పిమ్మట రూపవర్ణన ఆరంభమగును: రంగు, నొసలు, కనుబొమలు, కన్నులు, ముక్కు, గడ్డము, మశూచి మచ్చలు, కత్తిగాట్లు, ఎత్తు. మొగలు సైన్యమును గూర్చి 1903లో గ్రంథము ప్రకటించిన విలియం ఇర్విన్ ఆ పత్రముల మాటలను వివరించుచు, రంగును చెప్పుటకు గోధుమవన్నె, పాలవన్నె మొదలైన కొలది పదములే వాడిరనియు, నొసలును ఎల్లప్పుడును విశాలమనియే వ్రాసిరనియు చూపెను.

ఈ వివరము నాకు మిక్కిలి రుచించినది. ప్రతివాని నొసలును విశాలమైనచో ఆ మాటవలన ఎవనిని పట్టగలరు? సవారులలో అధికులు గందుమ్, అనగ గోధుమ, రంగువారే యైనచో, సర్దారు నిలిపిన దొంగ సిపాయియు గందుమ్ రంగువాడే కాగలడు గదా! అందుచేత హాజరు తీయు బక్షీకి నిజముగ పనికివచ్చినవి మశూచి గుంటలును, గాట్లును, పుట్టుమచ్చలును. మేనిచాయ గడి మర్యాద కొఱకు నింపబడెడిదని నేననుకొందును. నేడు పెండ్లి ప్రకటనలలో విరివిగ కనబడు 'గోధుమవన్నె' ఇంగ్లీషు చదువువలన వచ్చినదని తలచువారు ఈ పాత చెహ్రాలను తలచుకొనవలెను. జొన్నయు వరియు తప్ప అన్నముగ ఎఱుగని తెలుగు మేనికి గోధుమ పేరు అంటుకొనుట వింతయే యైనను, అది పారసీక మున్షీల కలమునుండి దిగివచ్చినది.

కంపెనీవారు ఆ పద్ధతినే తమ సిపాయిల ఆనవాలు పట్టీలలో కొనసాగించిరి. ఇంగ్లండులో తమ సోల్జర్లను చేర్చుకొనునప్పుడును ఎత్తు, జుట్టు, కన్నులతోపాటు మేనిచాయను వ్రాసికొనుట వారి ఆచారమే. అంతవఱకు దోషము లేదు. చిక్కు వచ్చినది రంగునుండి పుట్టుకను చదువ బూనినప్పుడు. కంపెనీ డైరెక్టర్లు 1791లో దేశీయ తల్లికి గాని తండ్రికి గాని పుట్టినవారిని తమ పౌర, సైనిక, నౌకా కొలువులకు అనర్హులను చేసి, 1795లో తల్లిదండ్రు లిరువురును ఐరోపావారు కానివారికి సైన్యమున పిల్లనగ్రోవి, డప్పు, బ్యాండు వాయించుట, గుఱ్ఱములకు లాడములు కొట్టుట తప్ప వేఱు పని లేకుండ చేసిరి. ఆజ్ఞలో ఉన్నమాట వంశమును గూర్చినది; అమలులో మాత్రము తనిఖీ చేయునది కన్ను. మిశ్రసంతానములో తేటగ నున్నవారిని ఇంగ్లండు పంపి అచట కలిపివేయుటయు, ముదురుచాయ గలవారిని ఇచటనే నిలుపుటయు ఆనాటి దొరల కుటుంబములలో వాడుకయైనది. ఒకే తల్లి కడుపున పుట్టిన ఇద్దఱికి ఒంటిరంగును బట్టి రెండు ఖండములు లభించెను.

హైదరాబాదు దీనికి మంచి సాక్షి. రెసిడెంటు కిర్క్‌పాట్రిక్‌నకును ఖైరున్నీసా బేగమునకును పుట్టిన కొడుకును కూతురును 1805లో మద్రాసులో జార్జి చినరీ చిత్రించెను. ఆ యేడే వారిని ఇంగ్లండు పంపిరి, అచట వారు విలియం, కేథరిన్ అను పేర్లతో పెరిగిరి. జనరల్ పామర్‌నకును ఫైజ్ బక్ష్ బేగమునకును 1780లో పుట్టిన విలియం పామర్‌నకు కంపెనీ సైన్యపు ద్వారములు మూసికొనగా, అతడు నిజాము సైన్యమున చేరి, తరువాత హైదరాబాదులో వడ్డీ వ్యాపారపు కొఠీ తెఱచి, దివాను చందూలాలుతో చేతులు కలిపి, నిజాము సర్కారుకే అప్పులిచ్చు స్థితికి ఎదిగి, ఆ కొఠీ కూలిపోయిన తరువాతను 1867 వఱకు జీవించెను. అతనిని గోరా యనవలెనా, కాలా యనవలెనా యని ఎవరైన అడిగియున్నచో, బాకీపడ్డ జాగీర్దారులు మాత్రము ఆ ప్రశ్న తమకు అనవసరమని చెప్పియుందురు.

పందొమ్మిదవ శతాబ్ది చివరకు రంగును చెప్పుట చాలక కొలుచు కాలము వచ్చెను. ఫ్రాన్సులో బ్రోకా మేనికి, జుట్టుకు 34 వన్నెల పట్టికను కట్టెను; ఆస్ట్రియావాడైన ఫాన్ లూషాన్ 36 గాజుబిళ్ళలను వరుసగ పేర్చి, ఒంటి ప్రక్కన నిలిపి పోల్చు పద్ధతిని తెచ్చెను. మనదేశమున 1901 జనాభా లెక్కలకు అధిపతియైన రిస్లే కులములను జాతులుగ చీల్చుటకు తల, ముక్కుల కొలతలనే ప్రధానముగ నమ్ముకొనెను. ముక్కు కొలతకు లొంగినట్లు చర్మము లొంగలేదు. ఆ కాలపు జాతివర్ణన సంప్రదాయముననే నిజాము రాజ్యపు కులములను, తెగలను గూర్చి సయ్యద్ సిరాజుల్ హసన్ వ్రాసిన పెద్ద గ్రంథము 1920లో బొంబాయిలో అచ్చుపడెను. కొలతగాండ్రు ఎండ తగులని భాగము కావలెనని భుజము క్రింది లోపలివైపును చూచి రంగును నిర్ణయించెడివారు. శాస్త్రమునకు అది న్యాయమే. కాని అల్వాల్, మేడ్చల్ ప్రాంతముల ద్రాక్షతోటలలో పందిళ్ళ క్రింద వంగియు, ఎండలో మోతలు మోసియు పనిచేయువానిని ఊరివారు చూచునది చంకలోపలి రంగు కాదు; వాని మొగము, మెడ, ముంజేతులు. శాస్త్రజ్ఞుడు వ్రాసికొన్న చాయను ఆ మనిషి భార్య తప్ప ఎవరును చూచి యుండరు.

దేశాంతరము పోయిన తెలుగువారి విషయమున ఈ మాటల బరువు మఱింత పెరిగెను. 1860 నవంబరు 16న మద్రాసునుండి ట్రూరో ఓడ నేటాలు చేరినది మొదలు చెఱకుతోటలకు పోయిన కూలీలలో తెలుగువారును కలరు. వారి సంతతివారు 1931లో దక్షిణాఫ్రికాలో ఆంధ్ర మహాసభను స్థాపించుకొనిరి. ఇరువది యేండ్లు తిరుగకమునుపే, 1950లో, అచటి ప్రభుత్వము జనులను జాతులుగ నమోదు చేయు చట్టము తెచ్చి, చూపునకు ఎట్లుందురు, లోకము ఎవరిగ అంగీకరించును అను రెండు ఆధారములమీద ప్రతివానిని ఒక గడిలో కూర్చుండబెట్టెను. భారతీయులు 'కలర్డ్' అను వర్గములో ఒక ఉపవర్గమైరి. ఊరిలో ఎఱ్ఱయ్య, నల్లయ్య అని పిలువబడిన అన్నదమ్ము లిద్దఱికిని అక్కడ ఒకటే రంగు.

అమెరికా న్యాయస్థానపు వింత ఇంకొక రీతిది. తెల్లవారికి పౌరసత్వమను చట్టమునకు అర్థము చెప్పవలసివచ్చి, 1922 నవంబరులో జపానువాడైన ఒజావా వ్యాజ్యమున, వర్ణములు ఒకదానిలోనొకటి కలిసిపోవుచుండును గాన చర్మపు రంగు పరీక్షగ పనికిరాదనియు, తెలుపనగ కాకేసియను జాతి యనియు అత్యున్నత న్యాయస్థానము తీర్పు చెప్పెను. మూడు నెలలకే, 1923 ఫిబ్రవరిలో, పంజాబీయుడైన భగత్ సింగ్ థిండ్ అట్లయిన నేను కాకేసియనునే యని నిలిచినప్పుడు, పండితుల వర్గీకరణము కాదు, సామాన్యుని వాడుకయే ప్రమాణమని అదే న్యాయస్థానము మాట మార్చెను. మన తెలుగు శాస్త్రజ్ఞుడు యల్లాప్రగడ సుబ్బారావు అదే 1923 అక్టోబరులో బోస్టను రేవున దిగెను. భారతీయులకు ఆ దేశ పౌరసత్వము పొందు త్రోవ 1946లో గాని తెఱచుకొనలేదు. రెండేండ్లకు ఆయన కన్నుమూసెను.

ఇంత చరిత్ర నడచిన పిమ్మట చర్మపు రంగును గూర్చిన ముఖ్యమైన పరిశోధన ఒకటి మన నగరములోనుండియే పాలుపంచుకొని వెలువడుట సంతోషకరము. హబ్సిగూడలోని సెల్యులర్ అండ్ మాలిక్యులర్ బయాలజీ కేంద్రపు కుమారసామి తంగరాజు మొదలైనవారు కలిసి 2013లో ప్రకటించిన అధ్యయనమున, దక్షిణభారతమునకు చెందిన 1228 మంది చర్మపు రంగును యంత్రముతో కొలిచి, ఎస్‌ఎల్‌సి24ఎ5 అను జన్యువులోని ఒక్క మార్పు వారిలోని వర్ణభేదమున నూటికి 27 పాళ్ళకు కారణమగుచున్నదని తేల్చిరి. భారత ఉపఖండమంతటినుండి 54 జనసమూహములకు చెందిన 1573 మందిలో ఆ మార్పును వెదకగా అది విస్తారముగ కనబడెను, అయితే ఒక్కొక్క సమూహమున ఒక్కొక్క పాలు. ఐరోపావారిలోను మనలోను ఉన్నది ఒకే మూలపు మార్పనియు, దాని వయస్సు 22 నుండి 28 వేల ఏండ్ల నడుమ నుండుననియు వారు లెక్కగట్టిరి. మిగిలిన 73 పాళ్ళు ఇతర జన్యువులు, ఎండ, వృత్తి మొదలైనవి పంచుకొనవలసినవే. హబ్సిగూడ పేరు నిజాము కొలువులోని హబ్షీలనుండి, అనగ ఆఫ్రికావారినుండి, వచ్చినదందురు. అది నిజమైనచో ఈ పరిశోధనకు అంతకంటె తగిన చోటు దొరకదు.

బజారు మాత్రము శాస్త్రము కొఱకు ఆగలేదు. 1975లో హిందుస్థాన్ లీవర్ కంపెనీ ఫెయిర్ అండ్ లవ్లీ అను లేపనమును దేశమున ప్రవేశపెట్టగా, తల్లులు నలుగుపిండి డబ్బా ప్రక్కన దానిని నిలిపిరి. 2020లో పేరులోని 'ఫెయిర్' తొలగి 'గ్లో' వచ్చెను. సర్కారు కాగితములలో మేనిచాయ క్రమముగ జాఱిపోవుచు వచ్చినది. మన పదవ తరగతి యోగ్యతాపత్రమున గుర్తుల గడిలో వ్రాయునవి పుట్టుమచ్చలు, గాయపు మచ్చలే. బడిపంతులు పిల్లవాని చొక్కా చేయి పైకి మడచి మచ్చ వెదకుటలో పాత బక్షీ వారసుడే. ఆధార్ వ్రేలిముద్రలు పది, కనుపాపలు రెండు, ఒక ఛాయాచిత్రము పుచ్చుకొనును గాని రంగు అడుగదు. పత్రికలలో పోలీసువారు వేయు 'కనబడుటలేదు' ప్రకటనలలో మాత్రము చామనచాయ ఇంకను నిలిచియున్నది, కట్టుకొన్న బట్టల రంగునకు ముందు. అల్వాల్ ఠాణాలో తప్పిపోయిన కూతురిని గూర్చి చెప్పునప్పుడు తండ్రి "చామనచాయ ఉంటది సార్" అనును. ఆమె తిరిగివచ్చి, మరుసటేడు పెండ్లి సంబంధముల పేరయ్య వచ్చి కూర్చున్నప్పుడు అదే తండ్రి "మా పిల్ల ఎర్రగనే ఉంటది" అనును. పేరయ్య దానిని కాగితముపై 'గోధుమవన్నె' అని వ్రాసికొనును.